చెమట ఇంకిపోయాక

1. హగరి దిబ్బలు

బయలుదేరేటప్పుడు తుషార మాతో సరిగ్గా మాట్లాడలేదు. మంచు పెట్టెలు తనే మోసుకొచ్చి బండి వెనకాల పెట్టింది. తడిపి కప్పడానికి పాత దుప్పట్లు మడిచి ఇచ్చింది. జొన్నరొట్టెల మూట, చెనిక్కాయల పొడి, ఉప్పు మజ్జిగ సీసాలు ఎక్కడెక్కడ పెట్టిందో నాకు చూపించింది. అంతా అయ్యాక వాళ్ళ నాయన ముందు నిలబడి, ఏ రోజుకారోజు ఎండ ముదరకముందే బండిలోకి వచ్చేస్తానని మాటివ్వమంది. మద్దిలేటి కూతురి తల మీద చెయ్యి పెట్టి మాటిచ్చాడు. తుషార ఆ చేతిని తీసి తన చేతుల్లో పెట్టుకుని చూసింది. పొడిగా, వెచ్చగా ఉంది, పొయ్యి మీదినుంచి దించిన కాసేపటికి పెనం ఉండేలాగ.

అనంతపురం మీద ఎండకి అడ్డంగా కప్పిన తెరల కిందినుంచి బయటపడేసరికి తూర్పు ఎర్రబడుతోంది. తెర అంచు దాటగానే మద్దిలేటి కిటికీ అద్దం దించి తల బయటపెట్టాడు. అలా చేయొద్దని అనబోయి ఊరుకున్నాను.

ఇది గైడ్ల డైరీ. రోజు నడక అయ్యాక వేడి ఎంత ఉంది, నీళ్ళు ఎక్కడున్నాయి, దారి ఎలా ఉంది అని తర్వాత వచ్చే గైడు కోసం రాసిపెట్టడం మా ఉద్యోగంలో అలవాటు. ఇందులో అందరినీ పేరుతోనే రాసేవాళ్ళం, కట్టుకున్న మొగుణ్ణయినా సరే. ఇప్పుడు తర్వాత వచ్చే గైడు ఎవరూ లేరని నాకు తెలుసు. రాయకపోతే నడిచినట్టే ఉండదు.

ఎడారి వనాల్లో గైడు ఉద్యోగం కావాలంటే చలువ సూది వేయించుకోవాలి. మేమిద్దరం ఇరవైల్లో ఉండగా వేయించుకున్నాం. సూది పడ్డాక ఒంట్లోంచి చెమట ఊటలా ఊరేది. బండలు పేలే ఎండలో చొక్కా పిండితే నీళ్ళు కారేవి, ఒళ్ళు మాత్రం కుండలా చల్లగా ఉండేది. తెరల కింద పుట్టి పెరిగిన జనం ఎడారి చూడటానికి బస్సుల్లో వచ్చి, మా వెనకాల బిక్కుబిక్కుమంటూ నడిచేవాళ్ళు. సూది ఎన్నేళ్ళు పనిచేస్తుందో అప్పట్లో ఎవరికీ తెలియదు. నిరుడు వేసవిలో మద్దిలేటికి చెమట ఆగిపోయింది. దీన్ని మావాళ్ళు ఇంకిపోవడం అంటారు. ఇంకిపోయిన మనిషి ఒంట్లో వేడి బయటికి పోయే దారి ఉండదు. అతనికి చలి ఇంట్లో, అంటే ఇలాంటివాళ్ళని యంత్రాలతో చల్లగా ఉంచే చోట, మంచం దొరికింది, ఉగాదికల్లా చేరాలి. చేరినవాళ్ళు మళ్ళీ బయటికి రారు. రానివ్వరని కాదు, వస్తే బతకరు.

మిగిలింది ఈ ఒక్క చలికాలం కాబట్టి మేం పనిచేసిన చోట్లన్నీ చూసొద్దామన్నాడు. హగరి దిబ్బలు, పెన్న లోయ, ఆఖరున పాలకొండల దారి. నాకు ఇంకా చెమట పడుతోంది, అందుకని బండి నేనే తోలుతున్నాను.

దిబ్బల దగ్గర టికెట్లిచ్చే గది కప్పు దాకా ఇసుకలో మునిగి ఉంది. గేటు ఎక్కడుండేదో గుర్తుచేసుకోబోయి ఇద్దరం రెండు దిక్కులు చూపించాం. దుప్పటి తడిపి అతని భుజాల చుట్టూ కప్పి, టోపీలో మంచు ముక్కలు పెట్టాను. ఇసుక ఇంకా చల్లగానే ఉంది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఎక్కాడు. ఎక్కడా ఆగలేదు. ఆగి ఆయాసపడింది నేనే.

పైన కూర్చున్నాక, నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నీళ్ళ క్యానుతో సహా ఇక్కడినుంచి కిందిదాకా జారిపోయిన సంగతి చెప్పాడు. బస్సు జనం అది కూడా టికెట్లో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారట. ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో. ప్రతిసారీ జనం పెరుగుతారు.

"ఆ దిబ్బ ఇది కాదులే మే," అన్నాడు చివర్లో. "గాలికి కదిలి పోయింటాది. ఇప్పుడు ఉరవకొండ పక్క యాడన్నా ఉంటాది."

సూర్యుడు పైకొచ్చాక దిగుదామన్నాను. ఇంకొంచెం సేపన్నాడు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటుండగానే భుజాల మీద దుప్పటి పెళపెళలాడేంతగా ఎండిపోయింది. దిగేసరికి అతని చెవులు కందిపోయాయి. బండిలో పడుకోబెట్టి చంకల్లో మంచు పెట్టాక గానీ ఊపిరి మామూలుగా రాలేదు. అప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాడు.

వేడి, చలికాలానికి ఎక్కువే. నీళ్ళు లేవు. దారి లేదు, ఎక్కడినుంచైనా ఎక్కవచ్చు.

2. పెన్న లోయ

లోయ అంచున రాతి చలివేంద్రం ఉండేది. మందపాటి గోడలు, లోపల చల్లటి నీళ్ళ తొట్టి, పడుకోవడానికి అరుగులు. మధ్యాహ్నం పూట ఎండ తగ్గేదాకా అందులో ఉండవచ్చని లెక్కేసుకునే వచ్చాం. తలుపు లేదు. కప్పు మీద సౌర పలకలు ఎవరో పీక్కెళ్ళారు. తొట్టినిండా ఇసుక, ఇసుక మీద గబ్బిలాల పెంట. మద్దిలేటి లోపలికి వెళ్ళి తొట్టి అంచు మీద కూర్చుని, ఇక్కడ బొరుగుల ఉగ్గాని అమ్మే అవ్వ పేరేమిటని అడిగాడు. నాకు గుర్తు రాలేదు. అతనికీ రాలేదు. ఆ పేరు కోసం ఇద్దరం చాలాసేపు వెతికాం.

మధ్యాహ్నమంతా బండిలోనే ఉండాల్సి వచ్చింది. చల్లగా ఉంచడానికే చార్జింగు సగానికి పైగా అయిపోయింది. వెనక్కి పోదామన్నాను. అంచు దాకా వెళ్ళి చూసి వచ్చేద్దాం, కిందికి దిగొద్దులే అన్నాడు. సాయంత్రం అంచున నిలబడి చూశాం. ఎర్రటి బండలు నిట్టనిలువుగా దిగి, అడుగున నది ఉండాల్సిన చోట తెల్లటి చార. తెల్లారి నేను లేచేసరికి బూట్లు కట్టుకుని, దుప్పటి తడిపి కప్పుకుని, బండి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. అలా కూర్చున్న మనిషిని ఆపడం నావల్ల కాలేదు.

దిగడం బాగానే దిగాం. మేం పనిచేసేటప్పుడు అడుగున ఒక మడుగు ఉండేది. బస్సు జనం అందులో కాళ్ళు పెట్టుకుని ఫొటోలు తీసుకునేవాళ్ళు. మడుగు చోట ఇప్పుడు పగిలిన బంకమన్ను ఉంది, పెంకులు పెంకులుగా లేస్తోంది. మద్దిలేటి ఒక పెంకు తీసి చూసి, మళ్ళీ దాని చోట్లోనే పెట్టాడు.

ఎక్కేటప్పుడు ఆలస్యమైంది. సగం దారిలో ఉండగానే లోయలోకి ఎండ దిగింది. ఆ ఎర్ర బండలు చూస్తుండగానే కాగుతాయి. అతని నడక తేడాగా ఉందని గమనించి వెనక్కి తిరిగాను. కళ్ళు మెరుస్తున్నాయి. దుప్పటి జారిపోయి ఎక్కడో పడిపోయింది. చెయ్యెత్తి, నా వెనకాల ఎవరో ఉన్నట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు.

"అంచు దగ్గరికి ఎవ్వరూ పోవద్దండి. పసుప్పచ్చ టోపీ మేడమ్, మీరే, నీళ్ళు తాగినారా? అందరూ ఒకరెనక ఒకరు రండి."

పేరుపెట్టి పిలిస్తే పలకలేదు. పట్టుకోబోతే చెయ్యి విదిలించాడు. మా దారిలో అడ్డంపడే జనాన్ని మర్యాదగా పక్కకి జరిపినట్టే నన్నూ జరిపాడు. నన్ను చూసి, మీరు ఏ బస్సులో వచ్చారని అడిగాడు. అంచు అతని కాలికి రెండడుగుల దూరంలో ఉంది.

"అనంతపురం బస్సు సార్," అన్నాను. "అందరం వచ్చేసినాం. ఎవ్వరూ తప్పిపోలేదు. మీరు కూర్చుంటే మేమూ కూర్చుంటాం."

అది విని తల ఊపాడు. పొడుచుకొచ్చిన బండ కింద కాస్త నీడ ఉంటే అక్కడికి నడిచి, అందరికీ చోటు వదిలి మరీ ఓ పక్కగా కూర్చున్నాడు. తాగే నీళ్ళన్నీ అతని తల మీద, గుండెల మీద పోసి టోపీతో విసిరాను. ఎంతసేపు విసిరానో తెలియదు. చివరికి నా పేరు పిలిచాడు. పిలిచి, నీళ్ళన్నీ పారబోశావా అని కోప్పడ్డాడు.

మిగతా దారి అతని చెయ్యి నా మెడ చుట్టూ వేసుకుని, ఒక్కోచోట వీపు మీద వేసుకుని ఎక్కించాను.

3. ఎర్రమల, బూబమ్మ సొరంగం

నిన్న రాయని సంగతి ఒకటుంది. లోయ పైకి వచ్చాక బండిలో నా రవిక విప్పితే పొడిగా ఉంది. అంత బరువు మోసుకుంటూ అంత ఎండలో ఎక్కాను, చంకల్లో కూడా తడి లేదు. నీళ్ళు తాగక అలా అయిందనుకున్నాను. కడుపునిండా మజ్జిగ తాగి, అతను నిద్రపోతుండగా బండి బయట ఎండలో నిలబడి చూసుకున్నాను. తల తిరిగే దాకా నిలబడ్డాను. ఒక్క చుక్క రాలేదు.

మద్దిలేటికి చెప్పలేదు.

దారిలో ఎర్రమల కొండల్లో బూబమ్మ ఉంది. మాతో కలిసి పనిచేసిన గైడు, మాకంటే చిన్నది, మాకంటే ముందు ఇంకిపోయింది. చలి ఇంటికి పోనని, పాత గని సొరంగంలో ఉంటోంది. సొరంగం లోపల ఊట నీళ్ళు నిలుస్తాయి. పగలంతా ఆ నీళ్ళలో వేసుకున్న బండ మీద నడుము దాకా మునిగి కూర్చుంటుంది. పొద్దు వాలాక బయటికొచ్చి వండుకుంటుంది. సొరంగం నోటి దగ్గర సౌర పలకలున్నాయి. మా బండి అక్కడే చార్జింగుకి పెట్టాం.

మమ్మల్ని చూసి ఎంతో సంతోషపడింది. నీళ్ళలోనే పక్కకి జరిగి మద్దిలేటికి చోటిచ్చింది. అతను మెడ దాకా మునిగి, చిన్నపిల్లాడిలా కళ్ళు మూసుకున్నాడు. చాలా రోజుల తర్వాత అతని ముఖంలో ఎరుపు తగ్గడం చూశాను. ఇక్కడే ఉండిపోతే ఏమవుతుందని నాలో ఒక ఆలోచన పుట్టింది. అంతలో బూబమ్మ నీళ్ళలోంచి లేచింది. నడుము కింద చర్మం తెల్లగా నాని, అక్కడక్కడ ఊడి వస్తోంది. పాదాల్లో పుండ్లు ఉన్నాయి. గుడ్డ చుట్టుకుంటూ, ఏం కాదులే అలవాటైపోయింది అంది.

ముందు ఇక్కడ ఏడెనిమిది మంది ఉండేవాళ్ళట. ఇప్పుడు తనొక్కతే. నీళ్ళు ఏటికేడు తగ్గుతున్నాయి. పోయిన వేసవి ఆఖర్లో మోకాలు కూడా మునగలేదట, బోర్లా పడుకుని ఒకసారి వీపు, ఒకసారి పొట్ట తడుపుకుంటూ గడిపిందట. ఈ వేసవికి ఎలాగని అడిగితే మాట మార్చేసింది.

రొట్టెలు కాల్చడానికి నేను సాయం కూర్చున్నాను. పొయ్యి సెగ దగ్గర ఆమె నన్నే చూస్తోంది. జనానికి ఎండదెబ్బ తగిలిందో లేదో చూడటానికి గైడ్లం మెడ వెనక, జుట్టు కింద చెయ్యి పెట్టి చూస్తాం. అక్కడ తడి ఉంటే భయం లేదు. బూబమ్మ చెయ్యి చాపి నా జుట్టు కింద పెట్టింది.

"నీక్కూడానా హంపక్కా," అంది.

మెల్లగా మాట్లాడమని సొరంగం వైపు చూపించాను. అతనికి తెలియదా అంది. తెలియదన్నాను. చాలాసేపు రొట్టె తిప్పుతూ కూర్చుంది. తర్వాత, మీరు దాచుకునేది మీరు దాచుకోండి గానీ నాకు తెలిసింది నేను చెప్పకపోతే తప్పవుతుందని, పాలకొండల సంగతి చెప్పింది. ఆ దారి మూసేసి మూడేళ్ళయిందట. రోడ్డుకి అడ్డంగా కందకం తవ్వేశారట. కాపలా లేదు, చలివేంద్రం లేదు, ఫోను పనిచెయ్యదు, మనిషన్నవాడు అటు పోడు.

"మద్దిలేటన్నకి తెల్సుక్కా. పోయిన నెల ఫోన్ చేసి అన్నీ అడిగినాడు. ఎవరన్నా ఎతకను వస్తారా అని గూడా అడిగినాడు. రారని చెప్తి. మంచిదిలే అన్నాడు. అప్పుడు నాకు తెలీలేదు, పెట్టేసినాంక తెలిసింది."

రొట్టె మాడిపోయింది.

అతను చలి ఇంటికి పోయే మనిషి కాదని నాకు ముందే తెలియాల్సింది. పాలకొండలు ఆఖరున పెట్టమన్నప్పుడు, అన్నిటికంటే అందమైన దారి కదా, ఆఖరున పెట్టుకున్నాడనుకున్నాను.

4. పాలకొండల మొదట్లో

ముద్దనూరు దాటాక రోడ్డు చీలింది. ఒకటి ఇంటికి తిరిగి పోతుంది, ఒకటి పాలకొండలకి. మద్దిలేటి నా వైపు చూడలేదు. నేను పాలకొండల వైపు తిప్పాను.

ఎందుకు తిప్పానో ఇక్కడ రాస్తున్నాను. బూబమ్మ దగ్గరినుంచి బయలుదేరినప్పటినుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. అతను ఆ దారిలో ఉండిపోదామనుకుంటున్నాడు. నేనూ ఉండిపోతే ఒకరి తర్వాత ఒకరు చలి ఇంట్లో చేరే పని ఉండదు. తుషారకి రెండు బరువులు ఒకేసారి తీరతాయి. అలా అనుకున్నాక మనసు తేలికైంది. దారంతా పాత సంగతులు మాట్లాడుకున్నాం. ఒక జిల్లా అధికారి భార్య ఉడుముని చూసి మద్దిలేటి భుజాల మీదికి ఎక్కేసిన కథ చెప్పి, నవ్వలేక బండి ఆపేశాను.

కందకం బూబమ్మ చెప్పిన చోటే ఉంది. అవతల మా దారి మొదలవుతుంది. రాతిలో చెక్కిన మెట్లు, పక్కన బండ మీద ఎర్ర రంగు బాణం. ఆ బాణం వేసింది మేమే. రంగు వెలిసిపోయి, తెలిసినవాళ్ళకే కనబడేలా ఉంది. మెట్ల పైన దారి మలుపు తిరిగి కొండ వెనక్కి పోతుంది. మలుపు తిరగగానే లోయ మొత్తం ఒక్కసారిగా కనిపిస్తుంది. అక్కడ బస్సు జనం నోళ్ళు వెళ్ళబెట్టడం చూడటానికి మేం ముందే వెళ్ళి వాళ్ళ వైపు తిరిగి నిలబడేవాళ్ళం.

పొద్దు అప్పుడే పొడిచింది. మద్దిలేటి బండి దిగి, వెళ్ళి రాయచోటిలో చార్జింగు పెట్టుకుని సాయంత్రానికి రమ్మన్నాడు. తను ఈ చెట్టు కింద ఉంటాడట, మంచు పెట్టె ఒకటి దించి వెళ్ళమన్నాడు. ఆ మాటలు ముందే అనుకుని పెట్టుకున్నట్టు గడగడా చెప్పేశాడు. చెట్టంటే ఎండిపోయిన మొండెం, దానికి నీడ లేదు.

"నేను పోను," అన్నాను. "నువ్వు యాడికి నడిస్తే ఆడికి నేనూ వస్తా మామా. బూబమ్మ చెప్పింది."

ముందు కోపం తెచ్చుకున్నాడు. బూబమ్మని తిట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, ఆరునెలల కింద నిర్ణయించుకున్నానని, గదిలో పెట్టి తాళం వేస్తే మాత్రం బతికినట్టా అని, తనని ఎవరూ మోసుకురాకూడదనే ఈ చోటు ఎంచుకున్నానని చెప్పాడు. నేను అడ్డు చెప్పలేదు. నేను వాదిస్తానని సిద్ధపడి వచ్చిన మనిషి, నేను వాదించకపోయేసరికి కంగారుపడ్డాడు.

"నువ్వు వద్దు మే. నీకింకా ఉండాది. నువ్వు బతకాల్సిందానివి."

నేను అతని చెయ్యి పట్టుకుని నా మెడ వెనక, జుట్టు కింద పెట్టాను. కందకం పక్కన ఇసుకలో దిగబడిన బండి కోసం రాళ్ళు మోసి, చక్రాల కింద చెక్కలు పెట్టి, తెల్లారకముందునుంచీ పనిలో ఉన్నాను నేను. అతని చెయ్యి అక్కడే ఉంది. వేళ్ళు కొంచెం కదిలాయి, సరిగ్గా చూడలేదేమో అన్నట్టు. తర్వాత చెయ్యి తీసేసుకుని కందకం గట్టు మీద కూర్చున్నాడు.

ఎప్పటినుంచని అడిగాడు. లోయ ఎక్కేటప్పుడు తెలిసిందన్నాను. తనని మోసుకొచ్చేటప్పుడేనా అన్నాడు. అవునన్నాను. రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు.

నేను అతని పక్కన కూర్చుని, అనుకున్నదంతా చెప్పాను. నీళ్ళు ఇక్కడే వదిలేసి ఇద్దరం నడుద్దామని, మలుపు దాటి ఎంత దూరం పోతే అంత దూరం పోదామని, ఎండ ముదిరేలోపు అయిపోతుందని. నా గొంతు మామూలుగానే ఉంది. సంతలో ఏం కొనాలో చెబుతున్నట్టే చెప్పాను.

అతను తల ఎత్తాడు.

"లోయలో నేనేం మాట్లాడినానో నాకు గుర్తులేదు. ఒళ్ళు కాలింది మాత్రం గుర్తుండాది. లోపల పొయ్యి పెట్టినట్ల ఉంటాది మే. నా ఒక్కనికే గదా అని ఒప్పుకుంటి. అది నీకు పట్టేది నేను చూడ్లేను. బండి తిప్పు."

నాకు చలి ఇల్లు వద్దన్నాను. నీతోపాటు వస్తే చాలన్నాను. నాలుగైదు రకాలుగా అడిగాను. అతను లేచి మంచు పెట్టెని తనే మోసుకొచ్చి బండిలో పెట్టి, ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు.

ఇంత దూరం వచ్చాం కదా, ఆ మలుపు దాకా అయినా వెళ్ళి లోయ చూసి వద్దాం, ఎండ ఇంకా ముదరలేదు అన్నాను. మెట్ల వైపు ఒక్కసారి కూడా చూడకుండా వద్దన్నాడు. పోతే మళ్ళీ రాబుద్ధి కాదన్నాడు.

బండి తిప్పాను.

5. చలి ఇల్లు

తుషార నా మెడ వెనక చెయ్యి పెట్టి చూసి, గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. ఏడవలేదు. తర్వాత లేచి ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టింది. అనంతపురంలోని చలి ఇంట్లో మద్దిలేటికి దొరికిన మంచం అలాగే ఉంది. ఆడవాళ్ళకి అక్కడ చోటు లేదు, కడపలో మాత్రం చాలా మంచాలు ఖాళీగా ఉన్నాయి. ఇద్దరినీ ఒకేచోట ఉంచమని తుషార వారం రోజులు తిరిగింది. భార్యాభర్తలని ప్రత్యేకంగా చూసే పద్ధతి లేదని, వరసలో ఎక్కడ ఖాళీ అయితే అక్కడికేనని చెప్పారు. కడపలో అన్ని మంచాలు ఎందుకు ఖాళీగా ఉన్నాయని ఆమె అడగలేదు. నేనూ అడగలేదు.

చేరే రోజు మా బండిలోనే వెళ్ళాం, ముందు అతను దిగాడు. గేటు లోపలినుంచి చల్లగాలి వచ్చి కాళ్ళకి తగిలింది. ఉన్ని టోపీ, మందపాటి చొక్కా ఇచ్చారు. అతను వాటిని తొడుక్కోవడం చూసి నాకు నవ్వొచ్చింది. ఎన్నో ఏళ్ళు నేను చూసిన మనిషి కాదు, ఎవరో చలి కొండల నుంచి వచ్చినతనిలా ఉన్నాడు. ఫోను చేస్తానన్నాడు. తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచకూడదని లోపలివాళ్ళు అన్నారు.

ఇక్కడ కడపలో ఒకే పొడుగాటి గది, రెండు వరసల మంచాలు. గోడలో మందపాటి అద్దం ఒకటుంది. దాంట్లోంచి బండ్లు ఆపే స్థలం కనిపిస్తుంది. బండ్లు ఎక్కువ ఉండవు. మొదట్లో నేను గది ఈ చివరినుంచి ఆ చివరికి నడిచేదాన్ని. నడిస్తే ఒళ్ళు వేడెక్కుతుంది, వద్దన్నారు. ఇప్పుడు కూర్చుంటున్నాను. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం అన్నం, పప్పు. ఏ పనీ లేకుండా తినడం మొదట్లో కష్టంగా ఉండేది.

సాయంత్రం ఇక్కడ పనిచేసే ఆయమ్మ ఒకే ఫోను తెచ్చి మంచం మంచానికీ ఇస్తుంది. మద్దిలేటి గదికి అద్దం లేదు. అందుకని బయట ఎలా ఉందని నన్ను అడుగుతాడు. మొదట్లో కొంచెం కల్పించి చెప్పేదాన్ని. మబ్బు పట్టిందని, రెండు పిట్టలు వాలాయని. ఒకరోజు అబద్ధాలు వద్దన్నాడు, ఉన్నదే చెప్పమన్నాడు. అప్పటినుంచి ఉన్నదే చెబుతున్నాను. సిమెంటు నేల. గేటు. ఎండ. ఎంత ఎండ అని అడుగుతాడు. నేల తెల్లగా కనబడుతోంది, చూడలేకపోతున్నాను అంటాను.

తుషార ఒక వారం ఇక్కడికి, ఒక వారం అక్కడికి వస్తోంది. వేసవి ముదిరితే తెరల బయట రోడ్డు మూసేస్తారు, రావడం కుదరదని చెప్పింది. బూబమ్మకి రెండుసార్లు ఫోను చేయించాను. మోగుతోంది, ఎత్తడం లేదు.

ఈ సాయంత్రం మద్దిలేటి గొంతు పలచగా ఉంది. దగ్గుతున్నాడు. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఆ పొద్దు బండి తిప్పమన్నందుకు బాధపడతాండావా మామా?"

కాదని చెప్పడానికి తగిన మాట వెతుక్కుంటున్నాడనుకున్నాను.

"దినామూ పడతాండా," అన్నాడు. తర్వాత, "తిన్యావా?" అని అడిగాడు.

తిన్నానన్నాను. తనూ తిన్నానని, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పాడు. ఇద్దరిలో ఎవరమూ ఫోను పెట్టలేదు. అతని వైపు చలి యంత్రాల హోరు నాకు వినబడుతోంది. నా వైపుది అతనికి వినబడుతూ ఉంటుంది. అలా ఉండగా ఆయమ్మ వచ్చి చెయ్యి చాపింది.

ఫోను ఇచ్చేశాను. ఆమె దాన్ని పక్క మంచం ఆవిడకి ఇచ్చింది. ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని, ఎవరికి చెయ్యాలా అని చాలాసేపు ఆలోచించి, ఏమీ నొక్కకుండా తిరిగి ఇచ్చేసింది.